కొత్త ల్యాబుల్లో ఒక పాత కార్బ్యురేటర్ కూడా పెట్టండి

తెలంగాణ రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ



రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చేందుకు 2024లో టాటా టెక్నాలజీస్‌తో ఒప్పందం కుదిరింది. రోబోలు, సీఎన్‌సీ మెషీన్లు, ఎలక్ట్రిక్ వాహనాల మరమ్మతు ఇప్పుడు మన పిల్లల చదువులోకి వస్తున్నాయి. సంతోషించాల్సిన విషయమే. రేపటి పని రేపటివాళ్లు నేర్చుకోవాలి. కానీ ఇవాళ మన రోడ్ల మీద, మన పొలాల్లో తిరుగుతున్న ఇంజిన్ల పని ఎవరు నేర్పుతారు? ఈ లేఖలో నేను అడిగేది చిన్న కోరిక. ఆ కొత్త ల్యాబుల్లో ఒక బెంచీ మీద పాత కార్బ్యురేటర్‌ని, దాని పక్కన నాలుగు గేజీలను పెట్టించండి. షెడ్లలో పనిచేస్తున్న మెకానిక్కులకు తెలుగులో ఒక చిన్న కోర్సు నడపండి.

కార్బ్యురేటర్ కాలం చెల్లింది కదా అని మీ శాఖలో ఎవరైనా అనవచ్చు. కొత్త కార్ల విషయంలో అది నిజమే. బైకుల సంగతి వేరు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధన అమల్లోకి వచ్చేదాకా మన దగ్గర అమ్ముడైన బైకుల్లో ఎక్కువ భాగం కార్బ్యురేటర్‌వే. అవి ఇంకా ఊరూరా నడుస్తున్నాయి. పత్తి చేలో మందు కొట్టే పవర్ స్ప్రేయర్, గడ్డి కోసే మెషీన్, పెళ్లి పందిట్లో కరెంటు పోతే మోగే చిన్న పెట్రోల్ జనరేటర్, వీటిలో చాలావాటికి ఇంధనం కలిపేది కార్బ్యురేటరే. స్కానర్ తగిలించడానికి వీటికి సాకెట్ ఉండదు. తప్పు కోడ్ చూపించే తెర ఉండదు. మెకానిక్ చెవి, కన్ను, చేతిలో ఉండాల్సిన గేజీ, ఇవే దిక్కు. చెవీ కన్నూ అందరికీ ఉన్నాయి. గేజీ పట్టడం నేర్పేవాళ్లే తగ్గిపోయారు.

అది తెలియకపోతే ఏం జరుగుతుందో చెప్పడానికి నా బండి సంగతి చాలు.

నాది 1998 నాటి మారుతీ జిప్సీ కింగ్. 1,298 సీసీ, నాలుగు సిలిండర్లు, 60 హార్స్‌పవర్, కార్బ్యురేటర్ ఇంజిన్. 2000లో ఇదే బండికి ఇంజెక్షన్ పెట్టి 80 హార్స్‌పవర్ చేశారు. నాది అంతకు ముందుది. వికారాబాద్ చుట్టుపక్కల రాళ్లు తేలిన మట్టి దారుల్లో, ఫోర్ వీల్ డ్రైవ్‌లో, లో గేర్‌లో నిదానంగా ఎక్కించడానికే దాన్ని ఉంచుకున్నాను. వాడకం మీద దాని కార్బ్యురేటర్ థ్రాటిల్ స్పిండిల్ అరిగింది. ఆ సందులోంచి గాలి చొరబడి ఐడ్లింగ్ నిలకడ తప్పింది. నగరంలో పేరున్న ఒక షెడ్డులో చూపించాను. "ఆ పాతది పక్కన పడేయండి సార్. వెబర్ 32/36 వేద్దాం, బండి లేచిపోతది" అన్నారు. మధ్యలో ఒక అడాప్టర్ ప్లేటు పెట్టి ఆ కొత్త కార్బ్యురేటర్‌ని బిగించేశారు.

హైవే మీద బండి నిజంగానే లేచింది. మట్టి దారి పట్టగానే అసలు రంగు బయటపడింది. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఆగిపోయేది. నిదానంగా పోతూ కొంచెం నొక్కితే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, తర్వాత ఎగిరి దూకేది. ఎత్తు ఎక్కేటప్పుడు ముక్కు పైకి లేచిందా, గుప్పున పెట్రోల్ వాసన కొట్టి ఇంజిన్ చచ్చేది. ప్లగ్గులు విప్పితే మసి. షెడ్డువాళ్లు ముందు ప్లగ్గులు మార్చారు, తర్వాత కాయిల్ మార్చారు. ఆ తర్వాత ఇంజిన్‌తో పాటు వచ్చిన మెకానికల్ ఫ్యుయెల్ పంపు తీసేసి ఎలక్ట్రిక్ పంపు పెట్టారు. బండి ఇంకా పాడైంది. చివరికి "ఇంజిన్ డౌన్ అయింది సార్. దించి బోర్ చేయించాలి, పిస్టన్లు రింగులు వేయాలి" అని తేల్చారు.

ఇంజిన్ దించకముందే ఒక పాత ఉస్తాద్ చేత చూపించాను. ఆయన బానెట్ ఎత్తి ఏదీ విప్పలేదు. ముందు కంప్రెషన్ గేజీ పెట్టాడు. నాలుగు సిలిండర్లలోనూ రీడింగ్ దాదాపు సమానంగా, ఉండాల్సిన చోటే వచ్చింది. అంటే బోర్‌కి, రింగులకు జబ్బు లేదు. వేల రూపాయల పని ఆ ఒక్క గేజీతో ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన కనిపెట్టినవి వరుసగా రాస్తాను. మీ సిలబస్‌లో ఒక్కొక్కటీ ఒక్కో పాఠం కాదగినదే.

మొదటిది ఐడిల్ సోలెనాయిడ్. ఈ రకం కార్బ్యురేటర్లలో కొన్నిటికి, ఐడ్లింగ్‌లో పెట్రోల్ అందించే స్లో జెట్ దగ్గర ఒక చిన్న కరెంటు వాల్వు ఉంటుంది. తాళం తిప్పగానే 12 వోల్టులు అందితే అది దారి తెరుస్తుంది, ఆపగానే మూస్తుంది. తాళం తీశాక కూడా ఇంజిన్ కొట్టుకుంటూ ఉండకుండా ఆ ఏర్పాటు. మా బండిలో దాని వైరు అసలు కలపలేదు. స్లో జెట్ మూసుకునే ఉంది. ఇంజిన్ ఆగిపోకుండా ఉండాలని స్పీడ్ స్క్రూ బిగించుకుంటూ పోయారు. దాంతో థ్రాటిల్ ప్లేటు ఎప్పుడూ కొంచెం తెరుచుకునే ఉండి, కాలు నొక్కినప్పుడు మొదట పనిచేయాల్సిన ట్రాన్సిషన్ రంధ్రాలు ముందే బయటపడ్డాయి. కాలు పెట్టగానే ఊపిరి బిగబట్టడానికి ఒక కారణం అదే. వెబర్ సెట్ చేసే పద్ధతిలో దీనికి తేలికైన లెక్క ఉంది. స్పీడ్ స్క్రూ థ్రాటిల్‌కి తగిలిన చోటు నుంచి ఒకటిన్నర చుట్టుకు మించి బిగించాల్సి వస్తే ఐడిల్ దారిలో ఏదో తేడా ఉన్నట్టే. మిక్స్చర్ స్క్రూ రెండున్నర చుట్లకు మించి విప్పితే తప్ప ఇంజిన్ సాఫీగా తిరగకపోతే స్లో జెట్ చిన్నదైనట్టు, ఒకటిన్నర చుట్టు లోపలే సరిపోతే పెద్దదైనట్టు. ఒక స్క్రూడ్రైవరుతో తేలే సంగతి ఇది.

రెండోది గాలి. అడాప్టర్ ప్లేటు కింద గ్యాస్కెట్ ఒక మూల సరిగ్గా కూర్చోలేదు. పాత కార్బ్యురేటర్‌కి ఉన్న వ్యాక్యూమ్ పైపుల్లో ఒకటి తగిలించే చోటు లేక అలాగే తెరిచి వదిలేశారు. కొలవని గాలి లోపలికి పోతుంటే మిశ్రమం పలచబడుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి మిక్స్చర్ స్క్రూ విప్పి పెట్రోల్ పెంచాలని చూశారు. వ్యాక్యూమ్ గేజీ పెట్టి ఉంటే మొదటి రోజే తెలిసేది. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్ ఐడ్లింగ్‌లో సముద్ర మట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాల వ్యాక్యూమ్ చూపిస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది కనుక మన దగ్గర అందులోంచి ఒకటిన్నర, రెండు అంగుళాలు తగ్గించి చదువుకోవాలి. ముల్లు అంతకంటే కింద నిలబడిపోతే గాలి లీకైనా ఉంది, టైమింగైనా వెనకబడింది. డిస్ట్రిబ్యూటర్ వ్యాక్యూమ్ పైపును కార్బ్యురేటర్ మీద ఉన్న సరైన పోర్టుకి కాక మరో చోట తగిలించినా ఇంజిన్ స్వభావమే మారిపోతుంది. కాబట్టి టైమింగ్ లైటు కూడా అదే బెంచీ మీద ఉండాలి.

మూడోది ప్రెషర్. ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఈ వెబర్‌కి కావలసిన పెట్రోల్ ఒత్తిడి 2.5 నుంచి 3.5 పీఎస్‌ఐ మాత్రమే. ఫ్లోట్ పైకి లేచి నీడిల్‌ని మూయగలిగే బలం అంతవరకే. షెడ్డువాళ్లు పెట్టిన ఎలక్ట్రిక్ పంపు గేజీ మీద ఆరుకు పైనే చూపించింది. పైగా ట్యాంకుకి వెనక్కి పోయే రిటర్న్ పైపుకి కొత్త కార్బ్యురేటర్ మీద చోటు లేదని దాని మూతి మూసేశారు. ఒత్తిడికి పోయే దారి లేక నీడిల్ సీటు మీద నిలవలేదు, ఫ్లోట్ గిన్నె పొంగింది. జబ్బు తగ్గిస్తుందని వేసిన మందే కొత్త జబ్బు తెచ్చింది. ఇంకో సంగతి ఉంది. ఎలక్ట్రిక్ పంపుకి ఇంజిన్ ఆగగానే కరెంటు కట్ అయ్యే ఏర్పాటు లేకపోతే, వాలులో బండి పక్కకు దొర్లినా పంపు పెట్రోల్ తోస్తూనే ఉంటుంది. కొండదారిలో తిరిగే బండికి దానికంటే పెద్ద ముప్పు లేదు. పాత మెకానికల్ పంపుతో ఆ భయం లేదు. ఇంజిన్ ఆగితే అదీ ఆగుతుంది.

నాలుగోది వాలు. కార్బ్యురేటర్ ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ ఏ మట్టంలో ఉందన్న దాని మీదే మిశ్రమం ఆధారపడుతుంది. నేల సమంగా ఉన్నంతసేపు ఆ మట్టం మారదు. గిన్నె గాలి గొట్టానికి ముందువైపు ఉంటే, బండి ముక్కు పైకి లేచినప్పుడు నాజిల్ కిందికి పోతుంది, పెట్రోల్ దానంతటదే ఒలుకుతుంది, ఇంజిన్ మునిగిపోతుంది. గిన్నె వెనకవైపు ఉంటే ఎక్కేటప్పుడు పెట్రోల్ అందక ఎండిపోతుంది, దిగేటప్పుడు మునుగుతుంది. కనుక మట్టి దారి బండికి కార్బ్యురేటర్ వేసేటప్పుడు గిన్నె ఎటు తిరిగి ఉందో చూడాలి, ఫ్లోట్ మట్టం ఎంతలో ఉందో కొలవాలి. రోడ్డు మీద ఒక రౌండు కొట్టి "సెట్ అయింది సార్" అంటే సరిపోదు. ముందు చక్రాలను ర్యాంపు మీదికి ఎక్కించి, ఐడ్లింగ్‌లో పది నిమిషాలు ఉంచి చూడాలి.

అయిదోది సైజు. చేతివేలితో పైపు మూతి నొక్కితే నీళ్లు దూరం చిమ్ముతాయి. వేలు తీస్తే కాళ్ల దగ్గరే పడతాయి. కార్బ్యురేటర్ గొంతు చేసే పనీ అదే. గొంతు ఇరుకైతే గాలి వేగం పెరిగి పెట్రోల్‌ని తుంపరలుగా లాగుతుంది. వెడల్పైతే తక్కువ వేగంలో గాలి మందగించి పెట్రోల్ చుక్కలుగా రాలుతుంది. 1,298 సీసీ ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతూ సిలిండర్లు 80 శాతం నిండుతాయనుకుంటే, తీసుకునే గాలి నిమిషానికి సుమారు 3,100 లీటర్లు. లో గేర్‌లో 1,500 చుట్ల మీద పాకే ఇంజిన్‌కి అందులో పావు వంతు, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కకపోతే ఇంకా తక్కువ. వెబర్ 32/36 చెడ్డది కాదు. ఫోర్డ్ తన రెండు లీటర్ల పింటో ఇంజిన్‌కి ఆ సైజునే వాడింది. జిప్సీ తోబుట్టువైన సుజుకీ సమురాయ్‌కి అమెరికాలో చాలామంది దాన్నే బిగించుకుంటారు. అయితే దాన్ని చిన్న ఇంజిన్‌కి పెట్టేటప్పుడు జెట్లు ఆ ఇంజిన్‌కి తగ్గట్టు మార్చుకోవాలి. డబ్బాలో వచ్చిన జెట్లతోనే బిగించేస్తే వేరేవాళ్ల కొలతలకు కుట్టిన చొక్కా తొడిగినట్టే.

ఇన్ని తప్పులు ఒక్క బండిలో ఎలా పోగయ్యాయో గమనించండి. ఐడ్లింగ్‌లో మిశ్రమం పలచన, వాలులో మరీ చిక్కన. రెండు ఎదురెదురు జబ్బులు ఒకేసారి ఉన్నప్పుడు ఊహ మీద ఏ పార్టు మార్చినా ఒకటి తగ్గి రెండోది పెరుగుతుంది. ఈలోగా నష్టం లోపల జరిగిపోతుంది. ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కింద ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే పెట్రోల్ కొడుతుంది, ఆయిల్ మట్టం తగ్గడానికి బదులు పెరుగుతుంది. అలాగే నడిపితే రింగులు, బేరింగులు అరిగిపోతాయి. అప్పుడు ఇంజిన్‌కి నిజంగానే బోర్ అవసరమవుతుంది. ఇంకా ఇలాంటి మార్పులతో పాటు పాత ఎయిర్ క్లీనర్ డబ్బా తీసేసి బయటికి తెరిచి ఉండే ఫిల్టర్ తగిలించడం ఫ్యాషనైంది. మన దారుల దుమ్ముకి, వాగు దాటేటప్పుడు ఎగిరే నీళ్లకి అది ఆహ్వానమే.

దీనికి తోడు ఇంధనం కూడా మారింది. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చేసింది. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం లెక్కన కలిస్తే 13.5 దగ్గర పడుతుంది. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడాను కనిపెట్టి సర్దుకుంటుంది. కార్బ్యురేటర్‌కి ఆ తెలివి లేదు. అదే జెట్‌తో మిశ్రమం సుమారు ఎనిమిది శాతం పలచనవుతుంది. జెట్ల మీద ఉండే అంకె మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. 140 అంటే 1.40 మిల్లీమీటర్ల రంధ్రం. దాని బదులు 145 వేస్తే వైశాల్యం ఏడు శాతానికి పైగా పెరుగుతుంది, లోటు చాలావరకు పూడుతుంది. ఈ లెక్క పదో తరగతి పిల్లవాడు చేయగలడు. పాత రబ్బరు పైపులు, నీడిల్ మొన ఇథనాల్‌కి ఉబ్బి మెత్తబడతాయి. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కరిగి వచ్చి జెట్లలో ఇరుక్కుంటుంది. వాడకుండా నెలల తరబడి నిలబెట్టిన స్ప్రేయర్ సీజన్ మొదట్లో ఎందుకు మొరాయిస్తుందో చాలామంది రైతులకు చెప్పే దిక్కు లేదు.

నేను షెడ్డు కుర్రాళ్ల మీద ఫిర్యాదు చేయడం లేదు. వాళ్లలో చాలామంది పదో తరగతి మధ్యలో వదిలేసి, పానాలు అందిస్తూ పని నేర్చుకున్నవాళ్లు. చేతి పనితనానికి లోటు లేదు. వాళ్ల ఉస్తాదులకు కార్బ్యురేటర్ తెలుసు గానీ రాసి పెట్టలేదు. ఇప్పుడు షెడ్డుకి వచ్చే కొత్త బండికి స్కానర్ తగిలిస్తే తప్పు కోడ్ తెర మీద వస్తుంది, పాత బండికి రాదు. రానప్పుడు చేతికందిన పార్టు మార్చి చూడటమే పద్ధతిగా మారింది. ఆ పద్ధతికి మూల్యం కట్టేది బండి యజమాని. ఇరవై ఏళ్ల నాటి బైకు మీద పాలు పోసుకొచ్చే రైతుకి ఆ మూల్యం నాకంటే చాలా బరువు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నది ఇది.

అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లలో, కనీసం పాత జిల్లా కేంద్రాల్లో, పనిచేస్తున్న మెకానిక్కుల కోసం సాయంత్రం పూట ఆరు వారాల కోర్సు పెట్టండి. విషయం ఒక్కటే: కార్బ్యురేటర్ ఇంజిన్‌లో తప్పు పట్టడం, సరిచేయడం. కంప్రెషన్ గేజీ, వ్యాక్యూమ్ గేజీ, ఫ్యుయెల్ ప్రెషర్ గేజీ, టైమింగ్ లైటు, జెట్ల సెట్టు, రెండు మూడు రకాల పాత కార్బ్యురేటర్లు, నడిచే ఇంజిన్ ఒకటి. ఒక రోబో చేతికయ్యే ఖర్చులో ఇదంతా చిల్లర.

ఆ బెంచీ పక్కన ఒక పొల్యూషన్ టెస్టు గ్యాస్ అనలైజరు పెట్టండి. మన మెకానిక్కులు దాన్ని సర్టిఫికెట్ ఇచ్చే యంత్రంగానే చూస్తున్నారు. బీఎస్-2కి ముందు తయారైన పెట్రోల్ కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం దాటకూడదన్నది నిబంధన. ఆ అంకెలే రోగం కూడా చెబుతాయి. కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే మిశ్రమం చిక్కన. అది తక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు పెరిగితే పలచనై మిస్సింగ్ కొడుతోందనో, ప్లగ్గు మండటం లేదనో అర్థం. స్క్రూ తిప్పుతూ ఆ తెర చూడటం నేర్పితే గాలి కూడా శుభ్రపడుతుంది.

పాత ఉస్తాదులను బోధకులుగా పిలవండి. వాళ్లకు డిగ్రీ లేదని పక్కన పెట్టకండి. పనితోనే నేర్చుకున్నవారి నైపుణ్యాన్ని గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకాల్లో ఇప్పటికే ఉంది. దాన్ని వీళ్లకు వర్తింపజేయండి. వాళ్లు చెప్పేది తెలుగులో, షెడ్డు మాటల్లో, బొమ్మలతో ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేయించండి. స్లో జెట్, పికప్, మిస్సింగ్, ఓవర్‌ఫ్లో అంటేనే షెడ్డు కుర్రాళ్లకు అర్థమవుతుంది.

ఇంకొకటి. కోర్సు చేసిన ప్రతి మెకానిక్‌కీ జాబ్ కార్డు రాయడం అలవాటు చేయండి. ఏ కొలత ఎంత వచ్చింది, ఏ పార్టు ఎందుకు మార్చాం, మార్చాక కొలత ఎంత. మా బండికి అలాంటి కార్డు ఒకటి ఉండి ఉంటే రెండో పార్టు మార్చేటప్పుడే తప్పు దొరికేది.

రేపు అన్నీ ఎలక్ట్రిక్ బండ్లే కదా అంటారేమో. కావచ్చు. ఆ రేపు వచ్చేదాకా ఈ ఇంజిన్లను నడిపేది, వాటిని బాగుచేసేది మనవాళ్లే. పైగా కొలిచి తేల్చడం, తేలిన తర్వాతే విప్పడం అనే క్రమశిక్షణ కార్బ్యురేటర్‌తో ముగిసేది కాదు. వోల్ట్‌మీటరు పట్టుకుని బ్యాటరీ ముందు నిలబడే కుర్రాడికీ అదే అక్కరకొస్తుంది.

నా జిప్సీ ఇప్పుడు కొండ ఎక్కుతోంది. సోలెనాయిడ్‌కి వైరు, కొత్త గ్యాస్కెట్, మళ్లీ పాత మెకానికల్ పంపు, తెరిచిన రిటర్న్ పైపు, ఇంజిన్‌కి తగిన జెట్లు, సరిచేసిన ఫ్లోట్ మట్టం, ఇవే దాని చికిత్స. వీటన్నిటికీ కలిపి అయిన ఖర్చు బోర్ పనికి అడిగిన దాంట్లో చిన్న వంతు. అసలు మొదట పాత కార్బ్యురేటర్ స్పిండిల్‌కి బుష్ వేయించుకోమని చెప్పి ఉంటే అదీ ఉండేది కాదు. ఆ మాట చెప్పగలిగే మెకానిక్కులను తయారు చేయడం మీ శాఖ చేతిలో ఉంది. వచ్చే అడ్మిషన్ల నోటిఫికేషన్‌లో ఈ కోర్సు పేరు కూడా చేర్చమని మనవి.

ఇట్లు,
వికారాబాద్ జిల్లాకు చెందిన ఒక పాత జిప్సీ యజమాని